ఇటుక మీద కారు, దేవుడి మీద భారం

ఆదివారం టిఫిన్లు కాగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి శాస్త్రవేత్తలు దిగుతారు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయిన నడుము, పొద్దున్నే చూసిన ఓ వీడియో, ఇంజనును రబ్బరు మీద కూర్చోబెట్టే ఫౌండేషన్లు ఆన్‌లైన్‌లో తెప్పించినవి రెండు మూడు, డిక్కీలోంచి లాగిన కత్తెర జాకీ. ఇదీ సరంజామా. బండి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు వణుకుతోంది, రివర్సు వేస్తే బానెట్ కింద ధబ్‌మంటోంది. మెకానిక్ చూసి "ఫౌండేషన్ పోయింది సార్, మూడూ మార్చాలి" అన్నాడు. వాడు చెప్పిన రేటు వినగానే సారులో ఆత్మగౌరవం మేల్కొంది. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడానికి అంతా! మనమే చేసుకుందాం.

చేసుకోవచ్చు. తన బండి పని తాను చేసుకోవడం తప్పు కాదు, నామోషీ అంతకన్నా కాదు. పైగా అది నిజంగా నాలుగు బోల్టుల పనే. కాకపోతే ఆ బోల్టులు ఊడిన తరువాత, గేర్‌బాక్సుతో కలిపి నూరు కిలోలు దాటే ఇనుమూ అల్యూమినియమూ దేన్ని పట్టుకుని నిలబడాలన్న చిన్న ప్రశ్న ఒకటి ఉంది. వీడియోలో ఆ ముక్క "ఇంజన్‌కి సపోర్ట్ పెట్టుకోండి ఫ్రెండ్స్" అన్న ఒక్క మాటలో అయిపోతుంది. ఛానెల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోమని వేడుకోవడానికి మాత్రం తీరిగ్గా రెండు నిమిషాలు పడుతుంది.

ఏ సపోర్టు, ఎక్కడ, దేనితో? అక్కడే మన జాతీయ ఇంజనీరింగ్ సూత్రం ప్రవేశిస్తుంది. ఏ కాలేజీలోనూ చెప్పరు, అందరికీ వచ్చు. "ఏం కాదులే."

ఈ సూత్రం ప్రకారం బరువు మోయని వస్తువంటూ ఇంట్లో ఉండదు. సిమెంటు ఇటుకలు, సెంట్రింగు చెక్కలు, స్టెప్నీ, పాత గ్రైండరు రాయి, అమ్మమ్మ కాలంనాటి పీట, ఎవరో ఖాళీ చేసి వెళ్లిన ఫ్లాటు ముందు మిగిలిన మార్బుల్ ముక్కలు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన కారును కూర్చోబెట్టి, కింద తాను పడుకుని, పైకి చూస్తూ ఫోటో దిగి స్టేటస్ పెడతాడు మన శాస్త్రవేత్త. కామెంట్లలో చప్పట్లు. ఆ ఫోటోలో తన ఛాతీకీ కారు అడుగుకీ మధ్య ఏముందో చూసేవాడు ఒక్కడూ ఉండడు.

ఆ సిమెంటు ఇటుకను ఒక్కసారి దగ్గరగా చూడండి. మధ్యలో రెండు బొక్కలు, చుట్టూ వేలెడు మందం గోడ. ఇంటి గోడలో పేర్చినప్పుడు పైనున్న బరువు దాని ఒంటినిండా సమానంగా పరుచుకుని దిగుతుంది కాబట్టి అంతస్తులకు అంతస్తులు మోస్తుంది. కారు కింద పెట్టినప్పుడో, బాడీ అడుగు రేకు అంచు ఒక్కటీ గీతలా దాని మీద దిగుతుంది. ఇనుమైతే లొంగుతుంది, వంగుతుంది, కిర్రుమంటుంది, పక్కకు దొర్లడానికి ఓ క్షణం గడువిస్తుంది. ఇటుకకు ఆ మర్యాద తెలియదు. చివరిదాకా గట్టిగా నిలబడి ఒక్కసారే పొడైపోతుంది. కింద ఉన్న మనిషికి ఎముకలు విరిగితే అదృష్టమే. ఛాతీ మీద బరువు దిగినప్పుడు మొదట ఆగేది ఊపిరి. కేకేద్దామన్నా గాలి ఉండదు.

"నేను ఇటుకలు వాడను, నాది హైడ్రాలిక్ జాకీ" అని మీసం దువ్వేవాళ్లు రెండో తెగ. మంచిదే. ఆ జాకీ మోసేదంతా ఓ గుక్కెడు నూనె, ఆ నూనెను ఆపి ఉంచేది రబ్బరు రింగు, కింద వేలెడు లేని ఓ రిలీజ్ వాల్వు. ఆ వాల్వు మూతి దగ్గర ఇసుక రేణువంత చెత్త చిక్కుకుంటే చాలు, కారు మెల్లమెల్లగా మీదికి దిగుతుంది. రింగు తెగితే మెల్లగా కూడా కాదు. జాకీ ఉన్నది ఎత్తడానికి. మోయడానికి స్టాండ్లు వేరే ఉన్నాయి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి పోవద్దని కారుతో ఇచ్చిన పుస్తకంలో అచ్చేసి ఉంటుంది. ఆ పుస్తకమేమో గ్లవ్ బాక్సులో, షోరూం వాడు వేసిన పాలిథిన్ కవరు కూడా చిరగకుండా, పవిత్రంగా ఉంటుంది. దసరాకు ఆయుధపూజ నాడు జాకీకి బొట్టు పెట్టి దండం పెట్టడం మాత్రం మరిచిపోం. దాని సీలు దగ్గర కారుతున్న నూనెను పసుపు నీళ్లనుకుంటాం కాబోలు.

బండి కొన్న రోజున నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం కదా. పని మొదలుపెట్టేటప్పుడు అవే చక్రాల ముందూ వెనకా నాలుగు చెక్కలో రాళ్లో అడ్డం పెట్టండంటే మాత్రం "హ్యాండ్‌బ్రేక్ వేశాను కదండీ" అంటారు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఆ వెనక భాగాన్నే పైకెత్తితే ఇక ఆ బ్రేకు పట్టుకునేది గాలినే. దిష్టికి నిమ్మకాయ, వాలుకు చెక్క. రెండూ పెట్టుకోండి, ఎవరు కాదన్నారు?

వాలంటే గుర్తొచ్చింది. సెల్లార్లలో నేల చదునుగా ఉందనుకోవడం కూడా మన భ్రమల్లో ఒకటి. వాన నీళ్లు పోవడానికి ఎంతో కొంత వాలు ఇచ్చే ఉంటారు. కొందరు బిల్డర్లు ముచ్చటపడి నున్నటి టైల్సు కూడా పరుస్తారు. రోడ్డు పక్కన తారు మీద పెట్టుకుందామంటే మే నెల ఎండకు తారు మెత్తబడి స్టాండు కాళ్లు కూరుకుపోతాయి. మట్టి నేల సంగతి చెప్పక్కర్లేదు. ట్రాలీ జాకీకి ఉన్న ఇనుప చక్రాలు అలంకారం కాదు. దాని చెయ్యి విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది కనుక, లేస్తున్నకొద్దీ జాకీ ముందుకు దొర్లాలి. మట్టిలో దిగబడి దొర్లలేకపోతే పైనున్న కారును పక్కకు లాగుతుంది. గట్టి కాంక్రీటు, చదును నేల. ఇవి రెండూ లేనివాడు ఆ ఆదివారం సినిమాకు పోవడం మేలు.

ఇంతకీ ఈ నాటకంలో అసలు వింత వేరే ఉంది. చాలా సందర్భాల్లో కారును ఎత్తాల్సిన పనే లేదు! మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇంజను అడ్డంగా కూర్చునే రకం. కుడి ఎడమల పైన రెండు ఫౌండేషన్లు, ఒకటి ఇంజను వైపు, ఒకటి గేర్‌బాక్సు వైపు. బరువంతా ఈ రెండే మోస్తాయి. కింద వెనకవైపు డంబెల్ ఆకారంలో ఉండే మూడోది బరువు మోయదు, యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజను ముందుకూ వెనక్కూ తూలకుండా పట్టుకుంటుంది, అంతే. పైవాటిలో చాలా మటుకు బానెట్ ఎత్తితే చేతికందుతాయి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, జాకీ ఒక్కటి పక్కనుంచి ఇంజను కిందికి తోసి, నిలబడే పని చేసుకోవచ్చు. కిందికి దూరాల్సి వస్తే అది ఆ మూడోదాని కోసం. అప్పుడు, అప్పుడు మాత్రమే బాడీకి స్టాండ్లు కావాలి. కానీ నిలబడి చేస్తే ఫోటో ఏం బాగుంటుంది? కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తేనే కదా మెకానిక్ అన్న బిరుదు!

సరే, జాకీని ఇంజను కింద పెట్టాడు. ఎక్కడ? అడుగున నున్నగా, వెడల్పుగా, ఇక్కడే పెట్టు నాయనా అని పిలుస్తున్నట్టుండే ఛాంబరు మీద. ఆ పిలుపుకు లొంగినవాళ్ల కథ కొంచెం వివరంగా చెప్పాలి.

ఛాంబరంటే ఇంజను ఆయిలు నిలవుండే తొట్టి. కొన్ని బండ్లలో పలచటి ఇనుప రేకు, కొన్నింట్లో పోత అల్యూమినియం. ఆయిలును పట్టి ఉంచడానికి చేశారు గానీ ఇంజనును మోయడానికి కాదు. జాకీ తల ఇనుప గిన్నె, అరచేతి పాటి కూడా ఉండదు. దాన్ని నేరుగా ఆనించి నాలుగు పంపులు కొడితే రేకయితే సొట్ట పడుతుంది, అల్యూమినియమైతే పగులుతుంది. పగిలితే ఒక రకంగా నయం, ఆయిలు నేల మీద కారి తప్పు వెంటనే తెలుస్తుంది. సొట్ట పడినప్పుడే ప్రమాదం. ఛాంబరు లోపల, అడుగుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులో, ఆయిలు పంపు నోరు ఉంటుంది, చిన్న జల్లెడతో. సొట్ట లోపలికి వచ్చి ఆ నోటిని మూసేస్తుంది. పై నుంచి ఏమీ కనపడదు. ఆయిలు గేజీ పుల్ల తీసి చూస్తే ఆయిలు నిండుగానే ఉంటుంది. ఫౌండేషన్లు కొత్తవి, వణుకు పోయింది, సారు మొహంలో వెలుగు. ఔటర్ రింగు రోడ్డెక్కి నూరు దాటించగానే ఎర్ర దీపం వెలుగుతుంది. బేరింగులకు ఆయిలు అందక పట్టేస్తాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. రబ్బరు ముక్కలు మార్చబోయినవాడు ఇంజనే దించుకుంటాడు. మొదట్లో మెకానిక్ చెప్పిన రేటు అప్పుడు కారుచౌకగా కనిపిస్తుంది.

దీనికి మందు ఓ చెక్క ముక్క. రెండంగుళాల మందం, ఛాంబరు వెడల్పుకు సరిపడా పొడవు, గట్టి చెక్కయినా సరే, ప్లైవుడ్డు పొరలయినా సరే. జాకీ తలకూ ఛాంబరుకూ మధ్య అది ఉంటే బరువు మొత్తం పరుచుకుని దిగుతుంది. బరువు ఛాంబరు నడిబొడ్డున కాకుండా బ్లాకుకు బిగించిన అంచుల వైపు పడితే ఇంకా మంచిది. ఆయిలు దించే బోల్టు మీద మాత్రం చెక్కా వద్దు, జాకీ వద్దు. గేర్‌బాక్సు వైపు ఫౌండేషన్ విప్పేటప్పుడు ఊత గేర్‌బాక్సు కిందే ఉండాలి. ఇది చెప్పాలా అనుకోకండి. ఊత ఓ పక్క, విప్పడం ఇంకో పక్క చేసి, ఇంజను ఒరిగిపోతే రేడియేటరు గొట్టాలూ ఏసీ పైపులూ వైర్లూ సైలెన్సరు పైపూ ఒకేసారి సాగుతుంటే నోరెళ్లబెట్టేవాళ్లున్నారు.

కొన్ని కంపెనీలు ఛాంబరు కింద ఊత పెట్టొద్దని తమ సర్వీసు పుస్తకాల్లో చెప్పే ఉంటాయి. అలాంటి బండ్లకు పైనుంచి వేలాడదీసే పద్ధతి ఉంది. బానెట్ కింద రెండు పక్కలా ఉండే గట్టి అంచుల మీద అడ్డంగా కూర్చునే ఇనుప బారు, దానికి మరలున్న కొక్కేలు, ఇంజను పైభాగాన ఫ్యాక్టరీ వాళ్లు ఎత్తడానికని బిగించిన చెవులకు గొలుసు. చక్కటి ఏర్పాటు. కింద చోటంతా ఖాళీగా ఉంటుంది, మరను తిప్పితే ఇంజను వెంట్రుక మందాన లేస్తుంది, దిగుతుంది. మన ఇళ్లలో దీనికి ప్రత్యామ్నాయాలు వెలిశాయి. బట్టలారేసే నైలాను తాడు. గోడకు ఆనించిన నిచ్చెన మెట్టు. ఊళ్లలో అయితే పెరటి వేపకొమ్మ. నైలాను తాడు బరువుకు సాగుతుందనీ, వేడి పైపు తగిలితే కరుగుతుందనీ, చెవి లేనిచోట ప్లాస్టిక్ మ్యానిఫోల్డుకు ముడేస్తే మ్యానిఫోల్డు చేతికొస్తుందనీ వేపచెట్టుకు తెలియకపోవచ్చు, బీటెక్ చదివినవాడికి తెలియదా?

అందరికన్నా గొప్ప ప్రత్యామ్నాయం మాత్రం వాచ్‌మన్. "నేనే చేసుకున్నా" అని చెప్పుకునే ప్రతి ఆదివారపు విజయం వెనకా, గడ్డపార ఇంజను కింద దూర్చి, రెండో కొసను భుజానికెత్తి "పట్టుకున్నా సార్, తొందరగా కానీయండి" అంటూ చెమటలు కక్కే ఒక వాచ్‌మన్ ఉంటాడు. వాళ్లావిడ కేకేసిందనో, గేటు దగ్గర హారను మోగిందనో అతను తల తిప్పిన క్షణంలో సారు వేళ్లు బ్రాకెట్టుకూ బాడీకీ మధ్యన ఉంటాయి. బోల్టు రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడటం మన ఆచారం. కోసు మూతి ఉన్న ఇనుప కడ్డీ దూర్చి చూడమని లోకం చెబుతుంది. వేలు తెగితే ఆసుపత్రి ఖర్చు సారుది. భుజం జారితే? ఇంటి పనికి వాచ్‌మన్‌ను పిలిచినంత తేలిగ్గా కారు పనికీ పిలిచేవాళ్లు, ఆ మనిషికి ఏమైనా అయితే ఏ ఇన్సూరెన్సు కాగితం చూపిస్తారో ముందే ఆలోచించుకోవాలి. జాకీ చేసే పనికి మనిషిని పెట్టడాన్ని పొదుపు అనరు.

ఇక ఊత సరిగ్గా పడిందా లేదా అని ఎలా తెలుస్తుంది? దీనికి మీటరు అక్కర్లేదు, బోల్టే చెబుతుంది. మొదటి బిగువు వదిలాక అది వేళ్లతో తిరుగుతూ బయటికొస్తే బరువు ఊత మీద ఉన్నట్టు. గీసుకుంటూ, మొరాయిస్తూ, స్పానరు తిప్పితే తప్ప రానంటే ఇంజను ఇంకా దాన్ని పట్టుకునే వేలాడుతోందని అర్థం, లేదా మీరు ఎక్కువ ఎత్తేశారని. జాకీని ఒక్క పిసరు ఎత్తో దించో చూడాలి. మన శాస్త్రవేత్తకు పిసరు అన్న కొలత తెలియదు. బోల్టు రాలేదనగానే నాలుగు పంపులు కొడతాడు. అప్పటికే కారు స్టాండ్ల మీద ఉంటే, ఇంజనుతో పాటు బాడీ కూడా లేస్తుంది, స్టాండ్ల నుంచి చల్లగా విడిపోతుంది. ఇప్పుడు మొత్తం కారు నిలబడ్డది ఓ చెక్క ముక్క మీద, ఛాంబరు మీద. నేల విడిచి సాము చేయడమని పెద్దలు ఊరికే అనలేదు. ఊతలో ఎత్తడం లేదు, మోయడమే ఉంది.

ఫౌండేషన్లోని రబ్బరుకూ ఓ చరిత్ర ఉంది. ఇంజను వణుకు మనిషికి తగలకుండా రబ్బరు మీద కూర్చోబెట్టే పద్ధతిని 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారుతో ఊరూరా చాటింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, అంత నున్నగా సాగుతుందని చెప్పడానికి ఈదే హంస బొమ్మను కార్ల మీద పెట్టుకుంది. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్లు ఇన్ని తిరిగే మన దేశంలో ఆ రబ్బరు ఇంకా ముఖ్యం, ఎందుకంటే మూడు సిలిండర్ల ఇంజనుకు ఊగే గుణం పుట్టుకతోనే ఉంటుంది. కొన్ని ఫౌండేషన్లలో రబ్బరుతో పాటు లోపల ద్రవం కూడా ఉంటుంది, సన్నటి దారిలోంచి అటూ ఇటూ పారుతూ ఊపును మింగేస్తుంది. మన ఇంటి వైద్యం ఏమిటంటే, చిరిగిన చోట పాత టైరు ముక్క కోసి కుక్కడం. వణుకు పోదు, ఇంకొంచెం గట్టిగా లోపలికొస్తుంది. హంసను తీసేసి టైరు ముక్కను లోగోగా పెట్టుకోవచ్చు.

స్టాండ్లు కొన్నంత మాత్రాన ఒడ్డెక్కినట్టు కాదనడానికి అమెరికా కథ ఒకటుంది. గంటకు మెకానిక్ కూలి విని గుండె పట్టుకున్న డాలస్, ఫ్రిస్కో తెలుగువాళ్లు సొంత గ్యారేజీల్లోనే పని కానిస్తుంటారు. అక్కడ హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ 2020లో తన జాక్ స్టాండ్లు సుమారు 17 లక్షలను వెనక్కి పిలిచింది, పళ్లు సరిగ్గా పట్టక బరువు మీద జారే ప్రమాదముందని. బదులిచ్చిన కొత్తవాటిలో కూడా కొన్నింటి వెల్డింగు బాగోలేదని అదే ఏడాది మళ్లీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. అక్కడ కనీసం పిలిచారు. మన బజారులో స్టాండు మీద "3 టన్నులు" అని పెయింటుతో రాసి ఉంటే, అది ఒక్కోదానికా జతకా అని అడిగినవాణ్ణి షాపువాడు వింతగా చూస్తాడు. అడగండి. వెల్డింగు చూడండి. బండిని దాని మీద దించాక, కిందికి దూరకముందు, రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. పడితే ఖాళీ నేల మీదే పడుతుంది. చక్రం విప్పితే దాన్ని తెచ్చి బాడీ అంచు కింద పడుకోబెట్టండి. స్టెప్నీకి ఆ పాత్ర చక్కగా సరిపోతుంది, మెయిన్ హీరో పాత్ర ఇవ్వకండి చాలు.

కార్ల కంపెనీలకు మాత్రం దండం పెట్టాలి. సీలింగు తెరుచుకుంటుంది, సీటు చల్లబడుతుంది, మాట చెబితే అద్దం దిగుతుంది. ఆ బండితో ఇచ్చేది మాత్రం టైరు మార్చడానికి తప్ప దేనికీ పనికిరాని కత్తెర జాకీ, కొన్నింట్లో అదీ ఇవ్వరు. ఫౌండేషను బోల్టు ఎంత బిగించాలో ఓనరు పుస్తకంలో వెతికితే కనపడదు, అది సర్వీసు సెంటరు రహస్యం. దాంతో మనవాడు రింగు స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగిస్తాడు. అల్యూమినియంలో మరలు తినేస్తాయి. లేదా కొన్నాళ్లకు బోల్టే తెగుతుంది. కొన్ని బోల్టులను ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. టార్క్ రెంచి అనేది ఒకటుందనీ, ఇంజను తన బరువుతో తాను సర్దుకుని కూర్చున్నాకే చివరి బిగింపు బిగించాలనీ, ఒకేసారి మూడూ విప్పకుండా ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి ముట్టుకోవాలనీ ఎవరో ఒకరు చెప్పాలి కదా. చెప్పేశాను. మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయడం, ఇంజను చల్లారనివ్వడం కూడా కలుపుకోండి.

రోడ్డు పక్క షెడ్డుల్లో ఇంతకన్నా ఏం ఉద్ధరిస్తున్నారు, అక్కడా ఇటుకలే కదా అంటారు. నిజమే. అక్కడ ఆ ఇటుకల మధ్యకు దూరేది పదిహేనేళ్లు కూడా నిండని కుర్రాడు, వాడికి వద్దనే వీలు లేదు. మీకు ఉంది. బిల్లు తగ్గించమని బేరమాడే నోటితోనే "ముందు స్టాండు పెట్టు, తరవాత దూరు" అని కూడా అనొచ్చు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడగండి, మామూలు స్టాండ్ల జత ఒక్కసారి ఫుల్ ట్యాంకు కొట్టించే డబ్బులోపే వస్తుంది. చెక్క ముక్క వడ్రంగి దగ్గర ఊరికే దొరుకుతుంది. ధర ఎక్కువనిపిస్తే బేరమాడండి, తిట్టుకోండి, నాలుగు షాపులు తిరగండి. కొనకుండా మాత్రం కారు కిందికి పోకండి.